వంతెనల్ని కూల్చిన ఇనుమే నీటి టవర్లను ఎలా నిలబెట్టింది?

1847 మే 24న ఇంగ్లండ్‌లోని చెస్టర్ పట్టణం దగ్గర, డీ నది మీద ఉన్న రైలు వంతెన విరిగింది. పెట్టెలు నదిలో పడి అయిదుగురు చనిపోయారు. ఆ వంతెన దూలాలు పోత ఇనుముతో చేసినవి. దాన్ని రూపొందించిన రాబర్ట్ స్టీఫెన్‌సన్ ఆ కాలపు ఇంజనీర్లలో ముందు వరసలో ఉన్నవాడు. 1879 డిసెంబర్ 28 రాత్రి స్కాట్లండ్‌లో టే వంతెన తుఫాను గాలికి కూలిపోయింది. దాని మీద వెళ్తున్న రైల్లో ఒక్కరు కూడా బతకలేదు. అక్కడా విరిగింది పోత ఇనుప భాగాలే. 1891లో లండన్ దగ్గర నార్వుడ్ జంక్షన్‌లో మరో పోత ఇనుప దూలం రైలు కింద విరిగింది. ఆ తర్వాత రైల్వే కంపెనీలు తమ పోత ఇనుప వంతెనల్ని వరసగా మార్చడం మొదలుపెట్టాయి.

సరిగ్గా ఇదే కాలంలో, ఇదే లోహంతో, స్టేషన్ల పక్కనా వర్క్‌షాపుల్లోనూ నీటి టవర్లు కట్టారు. వంద, రెండు వందల టన్నుల నీళ్ళను పోత ఇనుప స్తంభాల మీద ఎత్తి నిలబెట్టారు. స్విండన్‌లో గ్రేట్ వెస్టర్న్ రైల్వే కర్మాగారం కోసం 1870లో కట్టిన పోత ఇనుప టవర్ ఇంకా నిలబడే ఉంది.

ఒకే లోహం ఒకచోట ప్రాణాలు తీసి, ఇంకోచోట నూట యాభై ఏళ్ళు ఎలా నిలిచింది? "పాతకాలం పనితనం అలాంటిది" అని చాలామంది అనేస్తారు. పనితనం గొప్పదే, కానీ డీ వంతెన కూడా ఆ కాలపు పనితనమే కదా. అసలు జవాబు బరువు ఎలా పడుతుందన్న దాంట్లో ఉంది. దాన్ని పట్టుకోవాలంటే ముందు అన్ని నీళ్ళు అంత ఎత్తులో ఎందుకు కావాల్సి వచ్చాయో చూడాలి.

బొగ్గు కంటే ముందు నీళ్ళు అయిపోతాయి

స్టీమ్ ఇంజన్ అంటే అందరికీ ముందు బొగ్గు గుర్తొస్తుంది. కానీ రైలు ఎక్కడ ఆగాలో నిర్ణయించింది ఎక్కువగా నీళ్ళే. మామూలు స్టీమ్ ఇంజన్ తను వాడిన ఆవిరిని మళ్ళీ నీరుగా మార్చుకోదు. సిలిండర్‌లో పని అయిపోగానే ఆవిరి పొగగొట్టం గుండా ఆకాశంలోకి పోతుంది. అంటే బాయిలర్‌లోకి వెళ్ళిన ప్రతి లీటరూ పోయినట్టే లెక్క. కిలో బొగ్గు కాలిస్తే సుమారు ఆరేడు కిలోల నీరు ఆవిరవుతుంది.

పేరుమోసిన ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ ఇంజన్‌నే తీసుకుందాం. దాని వెనక ఉండే టెండర్‌లో ఎనిమిది తొమ్మిది టన్నుల బొగ్గు, 5,000 గ్యాలన్ల నీళ్ళు పట్టేవి. నీళ్ళ బరువు దాదాపు 23 టన్నులు. ఆ బొగ్గంతా కాల్చాలంటే యాభై టన్నులకు పైగా నీళ్ళు కావాలి. బొగ్గు సగం కూడా తరగకముందే నీళ్ళు అడుగంటుతాయి. అందుకే దారి పొడవునా మధ్య మధ్య నీళ్ళు సిద్ధంగా ఉంచాల్సి వచ్చింది.

ఎంత నీరు అన్నది ఒక సమస్య అయితే, ఎంత వేగంగా అన్నది అంతకంటే పెద్ద సమస్య. నీళ్ళ కోసం ఆగిన రైలు వెనక మరో రైలు వస్తుంటుంది. మూడు నాలుగు నిమిషాల్లో 15 టన్నులు నింపాలంటే గంటకు 225 నుంచి 300 టన్నుల ధార కావాలి. బావి నుంచో వాగు నుంచో అంత వేగంగా తోడే పంపు పెడితే, అది రోజులో ఎక్కువ భాగం ఊరికే పడి ఉంటుంది. దానికి బదులు గంటకు 20 టన్నులు తోడే చిన్న పంపు రోజంతా నెమ్మదిగా నడుస్తూ పైన ట్యాంకు నింపుతుంది. రైలు వచ్చినప్పుడు ట్యాంకు ఆ నీళ్ళను ఒక్కసారిగా వదులుతుంది. పంపుకున్న తీరికను రైలుకున్న తొందరకు అందించడమే టవర్ చేసే పని.

అయితే మరీ ఎత్తు అక్కర్లేదు. టెండర్ మూత పట్టాలకు సుమారు మూడు మీటర్ల ఎత్తులో ఉంటుంది. అందులోకి నీళ్ళు వదిలే గొట్టాన్ని మన రైల్వేల్లో వాటర్ కాలమ్ అంటారు. ట్యాంకు అడుగు దానికంటే కొన్ని మీటర్లు పైన ఉంటే చాలు. ఆ ఎత్తును రెట్టింపు చేసినా నీటి వేగం 1.4 రెట్లే పెరుగుతుంది. గొట్టం వ్యాసాన్ని రెట్టింపు చేస్తే మాత్రం నాలుగు రెట్లకు తక్కువ కాకుండా నీళ్ళు వస్తాయి. అందుకే రైల్వే టవర్లు ఊళ్ళకు నీళ్ళిచ్చే టవర్లంత ఎత్తు ఉండవు, వాటి గొట్టాలు మాత్రం చాలా లావుగా ఉంటాయి. వర్క్‌షాపుల్లో కట్టినవి వేరు. అక్కడ నీళ్ళు చాలా దూరం, చాలా భవనాలకు పోవాలి. కట్టెతో నిండిన షెడ్లలో మంటలు లేస్తే ఆర్పడానికి ఒత్తిడి కూడా కావాలి. కాబట్టి అవి ఎత్తుగా లేచాయి.

ఆగకుండానే నీళ్ళు పట్టే ఉపాయమూ వచ్చింది. జాన్ రామ్స్‌బాటమ్ అనే రైల్వే ఇంజనీరు 1860లో ఉత్తర వేల్స్‌లోని మోక్‌డ్రే దగ్గర పట్టాల మధ్య పొడవాటి తొట్టెలు పరిపించాడు. పరిగెత్తే ఇంజన్ కింద నుంచి ఒక గరిటె లాంటి గొట్టం దిగి, ఆ వేగంతోనే నీళ్ళను పైకి తోస్తుంది. 1928లో లండన్ నుంచి ఎడిన్‌బరో వరకు 392 మైళ్ళు ఆగకుండా రైలు నడిచిందంటే ఈ తొట్టెల చలవే. కానీ ఆ తొట్టెల్ని నింపడానికీ పక్కనే ఒక ట్యాంకు కావాల్సిందే.

నలిగితే నిలుస్తుంది, లాగితే విరుగుతుంది

ఇక లోహం సంగతి. ఇనుములో 2 నుంచి 4 శాతం దాకా కార్బన్ ఉంటే అది పోత ఇనుము. కార్బన్ ఎక్కువగా ఉండటం వల్ల తక్కువ వేడికే కరుగుతుంది, నీళ్ళలా పారుతుంది, ఇసుక అచ్చులో ఏ మూలకైనా వెళ్ళి గట్టిపడుతుంది. కానీ ఆ కార్బన్ చాలావరకు సన్నటి గ్రాఫైట్ రేకులుగా లోహం మధ్య ఇరుక్కుంటుంది. లోహాన్ని నొక్కినప్పుడు ఆ రేకుల వల్ల నష్టం లేదు. లాగినప్పుడు మాత్రం ప్రతి రేకూ ముందే చేసి పెట్టిన చీలికలా పనిచేస్తుంది. సుద్దముక్కను బల్ల మీద నిలబెట్టి వేలితో ఎంత నొక్కినా తట్టుకుంటుంది, రెండు చివర్లా పట్టుకుని వంచితే మాత్రం టక్కున విరుగుతుంది. పోత ఇనుముది కూడా అదే స్వభావం. నొక్కుడుకు చదరపు సెంటీమీటరుకు 6,000 కిలోల వరకు తట్టుకుంటుంది, లాగుడుకు అందులో నాలుగో వంతు నుంచి ఆరో వంతు మాత్రమే. పైగా విరిగే ముందు వంగి హెచ్చరించదు.

కార్బన్ దాదాపు లేకుండా తీసేసి, సుత్తులతో సాగగొట్టి చేసిన చేత ఇనుము లాగుడును బాగా తట్టుకుంటుంది. కానీ ఖరీదు ఎక్కువ, అచ్చులో పోయడానికి కుదరదు. చవకగా ఉక్కు తయారుచేసే బెస్సెమర్ పద్ధతి 1856లో వచ్చినా, ఉక్కు కట్టడాల్లోకి నెమ్మదిగానే దిగింది. ఆ కాలపు ఇంజనీరు చేతిలో ఉన్నవి ఈ రెండు ఇనుములే. నొక్కుడు ఎక్కడ, లాగుడు ఎక్కడ అని చూసి దేన్ని ఎక్కడ పెట్టాలో తెలుసుకోవడమే అసలు విద్య.

వంతెన దూలం మీదుగా రైలు పోతే దూలం కిందికి వంగుతుంది. వంగిన దూలంలో పై అంచు నలుగుతుంది, కింది అంచు సాగుతుంది. ఆ సాగే అంచే పోత ఇనుముకు ప్రాణగండం. అందులోనూ రైలు ఊరికే నిలబడే బరువు కాదు. వస్తుంది, అదురుతుంది, వెళ్తుంది, మళ్ళీ వస్తుంది. లోపల ఉన్న చిన్న పగులు ప్రతి రైలుకూ కాస్త పెరుగుతుంది. డీ ప్రమాదం తర్వాత రైలు కట్టడాల్లో ఇనుము వాడకం మీద బ్రిటన్‌లో రాయల్ కమిషన్ వేశారు. కదిలే బరువు, కదలని బరువు ఒకటి కావన్న విషయం మీద ప్రయోగాలు జరిగింది అప్పుడే.

నీటి టవర్ స్తంభం పరిస్థితి వేరు. దాని మీద బరువు నిట్టనిలువుగా పడుతుంది. నీటి మట్టం గంటల మీద నెమ్మదిగా మారుతుంది, అదురు ఉండదు. ఒక చిన్న లెక్క వేద్దాం. 8 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, 2.5 మీటర్ల లోతు ఉన్న ట్యాంకులో 160 టన్నుల నీళ్ళు పడతాయి. ట్యాంకు ఇనుము ఇంకో 40 టన్నులు అనుకుందాం. మొత్తం 200 టన్నులు, ఎనిమిది స్తంభాలు, ఒక్కోదాని మీద పాతిక టన్నులు. 20 సెంటీమీటర్ల వ్యాసం, 2.5 సెంటీమీటర్ల గోడ మందం ఉన్న బోలు స్తంభంలో చదరపు సెంటీమీటరుకు పడేది దాదాపు 180 కిలోలు. లోహం తట్టుకోగలిగింది దానికి ముప్పై రెట్లకు పైన.

పొడవాటి స్తంభం నలగడానికి చాలా ముందే పక్కకు వంగిపోవచ్చు కాబట్టి నిజమైన మార్జిన్ ఇంత ఉండదు. ఈ వంగుడు మీద ఈటన్ హాడ్జ్‌కిన్సన్ చేసిన ప్రయోగాల ఫలితాలు 1840లో వచ్చాయి. చివరలు గుండ్రంగా ఉన్న పొడవాటి స్తంభం కంటే, చదునుగా ఉండి గట్టిగా కూర్చున్న స్తంభం దాదాపు మూడు రెట్ల బరువు మోస్తుందని ఆయన తేల్చాడు. పాత టవర్ల స్తంభాల కింద అంత వెడల్పాటి చదును పీఠాలు ఎందుకున్నాయో ఇప్పుడు అర్థమవుతుంది. దూలాల విషయంలోనూ ఆయన మాటే నడిచింది. సాగే కింది అంచుకు పై అంచు కంటే చాలా ఎక్కువ ఇనుము పెట్టమన్నాడు. ట్యాంకు కింద ఉండే పోత ఇనుప దూలాలను చూస్తే కింది అంచు వెడల్పుగా కనిపిస్తుంది. స్తంభానికీ స్తంభానికీ మధ్య దూరం తక్కువ పెట్టడం కూడా ఆ వంపును అదుపులో ఉంచడానికే.

ట్యాంకు ఎందుకు వెడల్పు, ఎందుకు లోతు తక్కువ

నాకు ఈ టవర్లలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ట్యాంకే. చూడటానికి మామూలు పెట్టె. కానీ పోత ఇనుముకు ఇష్టం లేని పని అంతా జరిగేది ఇక్కడే, ఎందుకంటే నీళ్ళు గోడల్ని బయటికి తోస్తాయి.

నీటి ఒత్తిడి లోతుతో పెరుగుతుంది. 2.5 మీటర్ల లోతులో గోడ ప్రతి మీటరు పొడవు మీదా సుమారు 3 టన్నుల తోపు ఉంటుంది. లోతు రెట్టింపు చేసి 5 మీటర్లు చేస్తే తోపు 12 టన్నులు దాటుతుంది. అదే నీళ్ళను వెడల్పుగా పరిస్తే లోతు తగ్గి గోడలు బతికిపోతాయి. రైల్వే ట్యాంకులు పళ్ళెంలా వెడల్పుగా ఉండటానికి మొదటి కారణం ఇది. రెండో లాభం కూడా ఉంది. లోతు తక్కువైన ట్యాంకులో నీళ్ళు సగానికి దిగినా ఎత్తు పెద్దగా తగ్గదు, ధార బలం తగ్గదు.

అప్పటికీ మన లెక్కలోని ట్యాంకులో ఒక్కో గోడ మీద పాతిక టన్నుల తోపు ఉంటుంది. దాన్ని ఆపడానికి ఎదురెదురు గోడల మధ్య లోపల నుంచి చేత ఇనుప కడ్డీలు బిగించారు. వీటిని టై రాడ్లు అంటారు. గోడలు విడిపోవాలని చూస్తుంటే ఈ కడ్డీలు లోపలికి లాగి పట్టుకుంటాయి. లాగుడు పని మొత్తం ఇలా చేత ఇనుముకు అప్పగించి, పలకలకు వీలైనంత తక్కువ మిగిల్చారు. బయట నుంచి చూసేవాళ్ళకు ఈ కడ్డీలు కనిపించవు. టవర్ ప్రాణం మాత్రం వాటిలోనే ఉంటుంది.

గోడలు ఒకే ముక్క కావు. చదరపు పలకల్ని పోత పోసి, అంచుల్లో ఉన్న మడతల్ని ఒకదానికొకటి ఆనించి బోల్టులతో బిగించారు. ఒక్క చెక్క నమూనా చేయిస్తే దాంతో వందల పలకలు పోయొచ్చు. ట్యాంకు పెద్దది కావాలంటే ఇంకో వరస పలకలు చేర్చడమే. విడి భాగాలుగా రైల్లో పంపి, అక్కడికక్కడ బిగించొచ్చు. ఓడల్లో వేరే ఖండాలకు కూడా ఇలాంటి సామాను వెళ్ళింది. అతుకుల దగ్గర నీరు కారకుండా ఇనుప రజను, నవాసారం, గంధకం కలిపిన ముద్దను కూరేవాళ్ళు. అది తడి తగిలి తుప్పుపట్టి ఉబ్బి, అతుకును రాయిలా మూసేస్తుంది.

ఈ పద్ధతి రైళ్ళ కంటే పాతది. థామస్ టెల్ఫర్డ్ 1797లో లాంగ్డన్-ఆన్-టెర్న్ దగ్గర కాలువను పోత ఇనుప తొట్టెలో నది దాటించాడు. 1805లో వేల్స్‌లో పూర్తయిన పాంట్‌కసిల్టీ అక్విడక్ట్‌లో (కాలువను మోసే వంతెనలో) పడవలు పోయే కాలువ మొత్తం 38 మీటర్ల ఎత్తున బోల్టులతో బిగించిన పోత ఇనుప తొట్టెలో ఉంది. దాని మీద ఈనాటికీ పడవలు నడుస్తున్నాయి. రైల్వే ఇంజనీర్లకు ట్యాంకు ఎలా చెయ్యాలో నేర్పింది కాలువల ఇంజనీర్లే.

గాలికి ఎదురు నిలిచేది నీళ్ళ బరువే

పోత ఇనుప స్తంభాలు, వాటి మధ్య ఏటవాలుగా చేత ఇనుప కడ్డీలు, పైన బరువు. ఇది నీటి టవర్ వర్ణన. అచ్చం ఇదే వర్ణన టే వంతెన స్తంభాలకు కూడా సరిపోతుంది, అందుకే ఆ ప్రమాదాన్ని ఇక్కడ దాటేసి పోకూడదు. టే వంతెనలో ఏటవాలు కడ్డీల్ని బిగించిన చెవులు స్తంభాలతో పాటే పోత పోసినవి. గాలి పక్క నుంచి తోసినప్పుడు కడ్డీలు ఆ చెవుల్ని లాగాయి. లాగుడు పోత ఇనుముకు పడదు, చెవులు ఊడిపోయాయి. పోతలో పడిన బొక్కల్ని మైనం, ఇనుప రజను కలిపిన ముద్దతో పూడ్చి రంగు వేసిన సంగతి కూడా విచారణలో బయటపడింది.

నీటి టవర్‌కు గాలి నుంచి అదే ప్రమాదం ఉంది. గాలి ఒక పక్క నుంచి తోస్తే ఆ పక్క స్తంభాలు పైకి లేవాలని చూస్తాయి, అంటే వాటిలో లాగుడు పుడుతుంది. దాన్ని అణచిపెట్టేది పైనున్న నీళ్ళ బరువు. ట్యాంకు నిండుగా ఉన్నంతసేపూ అన్ని స్తంభాలూ గట్టిగా నొక్కి ఉంటాయి, గాలి పుట్టించే లాగుడు ఆ నొక్కుడును కాస్త తగ్గించగలదంతే. మన లెక్కలో నిండు టవర్ 200 టన్నులు, ఖాళీ టవర్ 40. అంటే నీళ్ళు తీసేసిన రోజు గాలికి ఎదురు నిలిచే బరువు అయిదో వంతుకు పడిపోతుంది. టవర్ ఎక్కువ ప్రమాదంలో పడేది బరువు మోస్తున్నప్పుడు కాదు, మోయడం మానేసినప్పుడు. భూకంపాలు వచ్చే చోట మాత్రం లెక్క తిరగబడుతుంది. అక్కడ పైనున్న బరువే ఊగి స్తంభాల్ని విరిచే శత్రువు.

చలిదేశాల్లో మరో బెడద ఉంది. నీరు గడ్డకడితే 9 శాతం ఉబ్బుతుంది, ఆ ఉబ్బును పోత ఇనుప గోడ భరించలేదు. అందుకని కొన్నిచోట్ల టవర్ కింద గదిలో పొయ్యి పెట్టి, దాని పొగగొట్టాన్ని ట్యాంకు మధ్య నుంచి పైకి పోనిచ్చేవాళ్ళు.

మీరు చూస్తున్నది నిజంగా పోత ఇనుమేనా

పాత ఇనుప ట్యాంకు ప్రతిదాన్నీ పోత ఇనుము అనడం అలవాటైపోయింది. పలకల అంచుల్లో రివెట్లు ఉంటే అది పోత ఇనుము కాదు. రివెట్‌ను సుత్తితో కొట్టి బిగించాలి, ఆ దెబ్బలకు పోత ఇనుము పగిలిపోతుంది. సన్నటి పలకల మీద నొక్కిన గీతలు ఉండి, అన్నీ ఒకే కొలతలో ఉంటే అవి 20వ శతాబ్దపు ప్రెస్ చేసిన ఉక్కు పలకలు కావచ్చు. పోత ఇనుముకు మందమైన అంచు మడతలు, మూలల్లో గుండ్రటి వంపులు, బోల్టులు ఉంటాయి. అచ్చు రెండు సగాలు కలిసిన చోట సన్నటి గీత కనిపిస్తుంది. ఫౌండ్రీ (పోత పోసిన కర్మాగారం) పేరు, సంవత్సరం ఉబ్బెత్తు అక్షరాలతో ఉంటే ఇక అనుమానమే అక్కర్లేదు. స్తంభాల తలల మీద ఆకులు, పువ్వులు ఉండటం కూడా గుర్తే. నమూనాలో ఒక్కసారి చెక్కితే ప్రతి స్తంభానికీ ఆ అలంకారం అదనపు ఖర్చు లేకుండా వస్తుంది.

19వ శతాబ్దం చివరికి ఈ పద్ధతికి పోటీ వచ్చింది. జర్మనీలో ఓటో ఇంట్జె ట్యాంకు అడుగును వంపులుగా మలిచి, కింది వలయం మీద పక్క తోపు పడకుండా చేశాడు. రష్యాలో వ్లదీమిర్ షూహవ్ 1896లో నిజ్నీ నవ్‌గొరద్ ప్రదర్శనలో సన్నటి కడ్డీల వలతో అల్లిన టవర్ నిలబెట్టాడు. ఉక్కు చవకైంది, తర్వాత కాంక్రీటు వచ్చింది. ఆ తర్వాత డీజిల్ ఇంజన్లు స్టీమ్ ఇంజన్లనే తీసేశాయి. బ్రిటన్ ప్రధాన లైన్లలో మామూలు స్టీమ్ రైళ్ళు 1968 ఆగస్టుతో ఆగిపోయాయి.

కాపాడాలంటే ఎక్కడ చూడాలి

టవర్ పని పోయాక మొదట దెబ్బతినేది పోత ఇనుము కాదు, దానికి సాయంగా ఉన్న చేత ఇనుము. టై రాడ్లు, బోల్టులు, ఏటవాలు కడ్డీలు ముందు తుప్పుపడతాయి. తుప్పు అసలు ఇనుము కంటే ఎన్నో రెట్లు చోటు తీసుకుంటుంది. అతుకు మధ్యలో అది ఉబ్బితే అంచు మడత పగులుతుంది. మూసుకుపోయిన గొట్టం వల్ల ట్యాంకులో వాన నీళ్ళు నిలవడం దీన్ని తొందరపెడుతుంది.

పోత ఇనుముకు ఉన్న జబ్బు ఇంకా మోసకరమైనది. తడిలో ఏళ్ళ తరబడి ఉంటే అందులోని ఇనుము కరిగిపోయి గ్రాఫైట్ మాత్రం మిగులుతుంది. ఆకారం, అక్షరాలు, అంచులు అన్నీ చెక్కుచెదరకుండా కనిపిస్తాయి, చాకుతో గీస్తే మాత్రం మెత్తగా దిగుతుంది. కాబట్టి పైకి బాగుందని నమ్మడానికి లేదు. బోలు స్తంభాల్లో పుట్టుకతో వచ్చే లోపం ఒకటి ఉంటుంది. పోత పోసేటప్పుడు లోపలి అచ్చు కాస్త జరిగితే గోడ ఒకపక్క మందంగా, ఇంకోపక్క పల్చగా వస్తుంది. చుట్టూ నాలుగుచోట్ల సన్నటి రంధ్రాలు వేసి మందం కొలిస్తే తప్ప ఇది బయటపడదు.

పగిలిన చోట వెల్డింగ్ చేయించడం చాలామంది చేసే తొందరపాటు. స్థానికంగా తగిలే వేడికి పక్కనే కొత్త పగులు పుట్టొచ్చు. వేడి లేకుండా, పగులుకు అడ్డంగా లోహపు కుట్లు దించి బిగించే పద్ధతి దీనికి బాగా పనిచేస్తుంది.

పూర్తిగా కొత్త పని ఇచ్చి బతికించిన టవర్లు ఉన్నాయి. ఉత్తర ఇంగ్లండ్‌లోని సెటిల్ స్టేషన్ దగ్గరి పాత నీటి టవర్‌ను ఇల్లుగా మార్చారు. లండన్ సెయింట్ పాంక్రస్ స్టేషన్ దగ్గర 1870లలో కట్టిన ఇటుక టవర్ మీద పోత ఇనుప ట్యాంకు ఉంది. కొత్త రైలు మార్గానికి అడ్డొస్తే 2001లో దాన్ని ముక్కలుగా విడదీసి, కొంత దూరంలో కాలువ పక్కన మళ్ళీ నిలబెట్టారు. ఇలాంటి పనికి దిగేవాళ్ళు రంగు కొనకముందే టై రాడ్ల లెక్క తేల్చుకోవాలి. ఎన్ని ఉన్నాయి, ఎన్ని పనిచేస్తున్నాయి, స్తంభాల గోడ ఎంత మందం మిగిలింది, ఏటవాలు కడ్డీల్ని పట్టుకున్న చెవుల్లో పగుళ్ళున్నాయా అన్నవి చూడాలి. ట్యాంకును ఖాళీగానే ఉంచబోతుంటే, నీళ్ళు లేని టవర్ గాలికి ఎంతవరకు ఆగుతుందో కొత్తగా లెక్క కట్టించాలి, ఎందుకంటే దాన్ని కట్టినవాళ్ళు ట్యాంకు దశాబ్దాల తరబడి ఖాళీగా ఉంటుందని అనుకుని కట్టలేదు.